పహిల్వాన్ మోసిన మనిషి

బుధవారం మాకు టీకాల రోజు. నకిరేకల్ దగ్గర నేను పనిచేసే దవాఖాన వరండాలో తల్లులు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక పసిదానికి సూది వేసి, తొడ మీద దూది అదిమి పట్టుకుని ఉండగా బల్ల మీద ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక చిటికెన వేలితో నొక్కి స్పీకర్ పెట్టాను. మక్తల్ వైపు చాలా ఏళ్లు నాతో పనిచేసిన ఆశా కార్యకర్త గొంతు.

"అక్కా, పైల్వాన్ పోయిండు."

ఆ మాట నా చెవికి సరిగా ఎక్కలేదు. "ఎవలు? తాయప్పనా?" అన్నాను.

"తాయప్ప గాదక్కా. పైల్వానే. పొద్దుగాల మార్కెట్ యార్డుల బస్త దించిండంట. జర నీళ్లియ్యుండ్రి అని కూసున్నడంట. నీళ్లు తెచ్చేటాలకు పానం లేదు."

ఎదురుగా ఉన్న తల్లి నా చెయ్యి పట్టుకుని, "మేడం, దూది తియ్యుండ్రి, పిల్ల ఏడుస్తాంది" అనే దాకా ఆ ఏడుపు నాకు వినిపించలేదు.

తాయప్ప పేరు నా నోటికి ఎందుకు వచ్చిందో చెప్పాలి. తాయప్పకు మెడ కింద నుంచి చలనం లేదు. కాళ్లు కదలవు, చేతులు లేవవు. పండుకున్న చోట పుండ్లు పడితే పహిల్వాన్ అతన్ని ఎత్తుకుని మా దవాఖానకు తెచ్చేవాడు. ఇద్దరిలో ఎవరు ముందు పోతారని అడిగితే ఆ ఊళ్లో చిన్నపిల్ల కూడా తాయప్ప పేరే చెప్పేది. నేనూ అంతే. మోసేవాడు ముందు పోవచ్చునన్న ఆలోచన నా బుర్రలో ఏనాడూ దూరలేదు.

కొత్త జిల్లాలు ఏర్పడిన యేడు నన్ను మక్తల్ పక్కన ఒక ఊరికి నర్సుగా వేశారు. మాది నల్గొండ వైపు. మా బాపు ఊళ్లో కూలీకి పోతూ, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. ఆయనకు మక్తల్ అంటే ఏదో పరదేశం. "కన్నడపోళ్ల కాడికి పోతున్నవు బిడ్డా, నీళ్లు సూసి తాగు" అని సాగనంపాడు. నిజంగానే అక్కడి మాటలో సగం కన్నడం కలిసి ఉండేది. ఎర్రటి నేల, జొన్న చేలు, గొర్రెల మందలు, తల మీద నల్ల గొంగడి వేసుకుని మాట్లాడకుండా నిలబడే మనుషులు. నాకు అలవాటు పడటానికి కొంత కాలం పట్టింది.

అక్కడ చేరిన కొత్తలో ఒక వానాకాలపు పొద్దున దవాఖాన గదిలో వెలుతురు ఉన్నట్టుండి తగ్గింది. తలెత్తితే గుమ్మం నిండా ఒక మనిషి. అంత మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. మెడ ఎక్కడ మొదలై భుజం ఎక్కడ ఆగుతుందో తెలియదు. చెవులు నలిపి పారేసిన ఆకుల్లా ముడుచుకుని ఉన్నాయి. రెండు చేతుల మీద, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు, మీసాలున్న ఇంకో మగవాణ్ణి ఎత్తుకుని ఉన్నాడు.

ఎత్తుకున్నవాడు ఏమీ అనడం లేదు. చేతుల మీద ఉన్నవాడే తిడుతున్నాడు.

"జర వంగు. నా తల తాకుతది. నేనేమన్న జొన్న బస్తనా? మెల్లగ దించు. అరే, మెల్లగ అంటున్న గద."

"దించుతున్న తీయ్" అన్నాడు పెద్దాయన. ఆ దేహం నుంచి వచ్చిన గొంతు విని ఉలిక్కిపడ్డాను. పలచగా, సన్నగా, ఆడపిల్ల గొంతులా ఉంది.

మనిషిని మంచం మీద పడుకోబెట్టి, మళ్లీ బయటికి వెళ్లాడు. మెట్టు కింద మన్ను వేళ్లతో తాకి, నుదుట పెట్టుకుని, అప్పుడు లోపలికి వచ్చాడు. దవాఖానకు మొక్కే మనిషిని అదే మొదటిసారి చూడటం. తర్వాత తెలిసింది, ఎక్కడికి పోయినా ఆయన అలాగే చేస్తాడట. బ్యాంకుకు పోయినా, పెళ్లి పందిట్లోకి పోయినా. కుస్తీ బరిలోకి దిగే ముందు మన్ను మొక్కే అలవాటు ఆయనను బరి బయట కూడా వదల్లేదు.

కుర్చీ చూపించాను. దాన్ని తేరిపార చూసి, నవ్వి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. "గీటికి నాకు దోస్తీ కుదరదు నర్సమ్మా. ఇరుగుతయ్. తర్వాత అందరు నన్నే సూస్తరు."

నేను తాయప్పను పక్కకు తిప్పి వీపు చూశాను. కదలిక లేని రోగి వీపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడానికి సిద్ధపడ్డాను. అవసరం రాలేదు. ఒంటికి కొబ్బరినూనె రాసి ఉంది. గోళ్లు తీసి ఉన్నాయి. నడుము కింద ఒకే ఒక చిన్న పుండు, అది కూడా శుభ్రంగా ఉంది. ఇంత బాగా చూసుకునేది తోడబుట్టినవాళ్లే అయి ఉంటారనుకున్నాను.

"మీ తమ్ముడా?" అని అడిగాను.

"కాదమ్మా" అన్నాడు పెద్దాయన, అదే సన్నటి గొంతుతో. "గీయన్ని గిట్ల జేసింది నేనే."

నేను తప్పుగా విన్నానేమోనని తాయప్ప ముఖం చూశాను. తాయప్ప గోడ వైపు తిరిగి ఉన్నాడు. "మందు వెయ్యమ్మా, ఆరిపోతాంది" అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఆ సంగతి ముక్కలు ముక్కలుగా తెలిసింది. కొంత ఊరివాళ్లు చెప్పారు. కొంత పహిల్వాన్ భార్య ఈరమ్మ చెప్పింది. ఆయన నోటి నుంచి మాత్రం పెద్దగా రాలేదు.

ఆయనది గొర్లు కాసే ఇల్లు. పిల్లవాడుగా ఉన్నప్పుడు సంతలో పొగరుబోతు పొట్టేలును కొమ్ములు పట్టి కింద కూర్చోబెట్టాడట. అది మక్తల్‌లో తాలీం నడిపే ఒక ఉస్తాద్ చూశాడు. తాలీం అంటే ఎర్రమన్ను పోసి కుస్తీ నేర్పే గది. ఉస్తాద్ వెంట పడి, ఇంట్లోవాళ్లను ఒప్పించి తీసుకుపోయాడు. ఇక అక్కడి నుంచి కుస్తీయే పని, కుస్తీయే కూడు. ఎండాకాలం జాతరలు మొదలైతే వానలు పడేదాకా ఇంటి ముఖం చూసేవాడు కాదు. మక్తల్ చుట్టుపక్కల జాతరలు, నది దాటి రాయచూరు వైపు జాతరలు. వానాకాలం తాలీంలో మన్ను తవ్వడం, తినడం, దండీలు తీయడం. జొన్నరొట్టెలు దొంతరగా పెట్టుకుని, గొర్రెపాలలో బాదం నూరి కలుపుకుని తాగేవాడట. "నా ఒళ్లే నా చేను నర్సమ్మా" అన్నాడొకసారి. "ఏడాదికోపారి పండాలె. పండకపోతే ఇంట్ల పొయ్యి ఎలగది."

రాష్ట్రం వచ్చిన మరుసటి యేడు వాళ్ల దగ్గరి జాతర ఎన్నడూ లేనంత ఘనంగా చేశారు. ఆఖరి కుస్తీకి వెండి కడెం పెట్టారు. అప్పటికి పహిల్వాన్ వయసు మీద పడుతోంది. తాయప్ప పక్క ఊరి కుర్రవాడు, ఆ యేడు ఎక్కడికి పోయినా గెలుస్తున్నాడు. చాలాసేపు పట్టు తెగలేదట. ఇద్దరి ఒంటి మీద మన్ను చెమటకు తడిసి బురదైపోయిందట. చివరికి పహిల్వాన్ అతన్ని నడుం పట్టి భుజం మీదికి ఎత్తాడు. ఇక వెల్లకిలా వేస్తే వీపు నేలకు తాకుతుంది, కుస్తీ అయిపోతుంది. జనం లేచి నిలబడ్డారు. అప్పుడే తాయప్ప ఆ భుజం మీద నుంచి తలకిందులుగా పడ్డాడు.

డప్పులు ఆగిపోయాయట. మెడ విరిగిన చప్పుడు తమకు వినపడిందని చెప్పేవాళ్లు ఆ ఊళ్లో నాకు చాలామంది తగిలారు. అంత గోలలో వినపడే చప్పుడు కాదు అది. కానీ వాళ్లు నిజంగానే విన్నామని నమ్ముతున్నారు.

పహిల్వాన్ అదే రోజు కుస్తీ మానేశాడు. వెండి కడెం ఇవ్వబోతే తీసుకోలేదు. మార్కెట్ యార్డులో హమాలీగా చేరాడు. పత్తి బోరాలు, వడ్ల బస్తాలు ఎత్తేవాడు. తాయప్పకు పెళ్లి కాలేదు. పట్నం దవాఖాన నుంచి ఇంటికి పంపించాక తల్లి చూసుకుంది. పహిల్వాన్ వారం వారం పోయి చూసి వచ్చేవాడు. తల్లి కాలం చేసింది. ఆ తర్వాత ఒకరోజు వెళ్లేసరికి తాయప్ప ఒక్కడే ఇంట్లో ఉన్నాడు, ఒంటి మీద చీమలు పాకుతున్నాయి. అన్న కుటుంబం పొలం పోయింది. పహిల్వాన్ ఎవరినీ అడగలేదు, ఎవరితో తగువు పడలేదు. తన గొంగట్లో చుట్టి, ఎత్తుకుని, తన ఇంటికి తెచ్చేశాడు.

"గొంగట్ల గొర్రెపిల్లను తెచ్చిండనుకున్న" అంది ఈరమ్మ నాతో. "ఇప్పి సూస్తె మనిషి."

ఆమె దాన్ని నవ్వుతూ చెప్పలేదు. ఈరమ్మ మాట తక్కువ మనిషి. తాయప్ప ఇంటికి వచ్చాక కొన్నాళ్లు పుట్టింటికి వెళ్లిపోయి, ఎవరూ పిలవకుండానే తిరిగి వచ్చిందని ఊళ్లో అనేవారు. తాయప్పకు రొట్టె చేసేది. అతని దుప్పట్లు ఉతికేది. కానీ నేను ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ అతన్ని పేరు పెట్టి పిలవగా వినలేదు. కంచం మంచం పక్కన చప్పుడయ్యేలా పెట్టి వెళ్లిపోయేది. తినిపించడం పహిల్వాన్ పని.

తాయప్ప నోరు మాత్రం మూతపడేది కాదు. రొట్టె గట్టిగా ఉందని, నీళ్లు వేడిగా ఉన్నాయని, ఎత్తుకునేటప్పుడు చంక కింద చేయి సరిగా పెట్టలేదని తిడుతూనే ఉండేవాడు. పహిల్వాన్ నవ్వేవాడు. సాయంత్రాలు ఇంటి ముందు మంచం వేసి, ఫోన్‌లో కుస్తీలు పెట్టి తాయప్ప కళ్ల ముందు పట్టుకునేవాడు. ఆ పెద్ద అరచేతిలో ఫోన్ అగ్గిపెట్టెలా కనిపించేది. ఎవడు ఎక్కడ తప్పు పట్టాడో చెబుతూ ఇద్దరూ ఒకరి మీద ఒకరు గొంతు పెంచుకునేవారు. తెలియనివాళ్లు ఎవరైనా చూస్తే మొగుడూ పెళ్లాలు తగువు పడుతున్నారనుకోవాలి.

ఒకసారి యార్డులో పహిల్వాన్ అరికాల్లో మేకు దిగింది. తాయప్పను కట్టు మార్చడానికి తెచ్చినప్పుడు చూసి, ధనుర్వాతం సూది వెయ్యాలన్నాను. ఆయన ముఖం తెల్లబోయింది. అంత మనిషీ తలుపు చౌకట్టు రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని వణుకుతున్నాడు. "పొడిసినవా? పొడిసినవా?" అని సన్నగా అడుగుతున్నాడు. నేనింకా మందు కూడా ఎక్కించలేదు.

మంచం మీద నుంచి తాయప్ప అన్నాడు, "గిట్ల వణికే చేతుల్లోకెల్లనా నేను వడ్డది?"

గదిలో ఒక ముసలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పహిల్వాన్ కళ్లు తెరవకుండానే నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వుతుండగానే నేను సూది వేసేశాను. ఆయనకు తెలియనే లేదు.

ఆ రోజు నాకు ఒకటి అర్థమైనట్టూ అనిపించింది, ఏమీ అర్థం కానట్టూ అనిపించింది. ఒక మనిషి ఇంకొకరిని ఇంతగా పొడుస్తూ ఎలా ఉండగలడు? ఆ పోట్లు తిని ఇంకొకడు ఎలా నవ్వగలడు?

నర్సులకు నడుం నొప్పి తప్పదు. రోగుల్ని ఎత్తి ఎత్తి నాకు పెళ్లికి ముందే వచ్చింది. ఒకరోజు అడిగాను, "పైల్వానన్నా, రోజూ ఇంత బరువు మోస్తవు, నడుం పట్టదా?"

"మోసేటోనికి బరువు ఏం తెల్వదమ్మా. మోయించుకునేటోనికే తెలుస్తది" అన్నాడు. అన్నాక తాయప్ప నిద్రపోతున్నాడా లేదా అని తొంగి చూశాడు.

ఇంకొక సంగతి చెప్పకుండా ఈ మనిషిని చెప్పలేను. నేను అక్కడ ఉండగా ఒక జాతరలో మాకు ప్రథమ చికిత్స డ్యూటీ వేశారు. బరి పక్కనే చిన్న షామియానా. కుస్తీలు జోరుగా సాగుతుండగా జనం ఒక వైపు నుంచి చీలిపోవడం మొదలైంది. ఎవరూ తోయలేదు, ఎవరూ అరవలేదు. వాళ్లంతట వాళ్లే దారి ఇచ్చారు. పహిల్వాన్ వస్తున్నాడు, చేతుల మీద తాయప్ప. ఆ బరి అదే బరి అని నా పక్కనున్న కానిస్టేబుల్ చెవిలో చెప్పాడు. తాయప్ప పడిన చోటు.

పహిల్వాన్ బరి అంచున మన్ను మీద కూర్చుని, తాయప్పను ఒళ్లో ఆనించుకున్నాడు. తాయప్పే పట్టుబట్టాడట, కుస్తీలు చూడాలని. అతని కళ్లు మెరుస్తున్నాయి. పట్టు పట్టుకూ ఏదో ఒకటి అంటున్నాడు.

ఆఖరి కుస్తీ గెలిచిన కుర్రవాడు కన్నడ వైపు నుంచి వచ్చినవాడు. గెలుపు మత్తులో ఉన్నాడు. బరి చుట్టూ తిరుగుతూ పహిల్వాన్ ముందు ఆగి తొడ కొట్టాడు. పెద్దమనుషులు కూడా బతిమాలారు. "ఒక్క పట్టు పట్టు పైల్వాన్. జాతరకు అందమొస్తది."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"భయమా?" అన్నాడు కుర్రవాడు.

అప్పుడు ఒళ్లో ఉన్న తాయప్ప అన్నాడు, "పో. పట్టు. గా పోరనికి నడుం కాడ బలం లేదు. నేను సూసిన. పో."

పహిల్వాన్ తలవంచి తాయప్ప ముఖంలోకి చూశాడు. "నేను వోతె నిన్నెవలు వట్టుకుంటరు?" అన్నాడు.

ఇంకేం లేదు. ఆ మాటతో తొడ కొట్టిన కుర్రవాడు చేతులు దించేశాడు. వచ్చి, మన్ను తీసుకుని పహిల్వాన్ పాదాల మీద వేసి మొక్కాడు. తాయప్ప మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇంటికి పోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదని తర్వాత పహిల్వానే చెప్పి, "ఏమాయెనో ఏమో, కడుపుల నొచ్చినట్టున్నది" అని బాధపడ్డాడు.

కొన్నేళ్లకు నాకు సొంత జిల్లాకు బదిలీ అయింది. వెళ్లి ఇంకా ఎక్కువ కాలం కాలేదు. ఇంతలో ఆ బుధవారపు ఫోన్.

సెలవు దొరికి, బస్సులు మారి మక్తల్ చేరేసరికి మూడో రోజు అయింది. మట్టి అయిపోయింది. మూడో రోజు కావడంతో గుంట కాడ పిట్టకు కూడు పెట్టి వచ్చిన బంధువులు ఇంటి ముందు చేతులు కడుక్కుంటున్నారు. ఆయనను మోయడానికి మనుషులు మారుతూ మారుతూ పోవలసి వచ్చిందని, గుంట మామూలు కంటే వెడల్పుగా తవ్వారని చెప్పుకుంటున్నారు. నేను వింటున్నాను గానీ ఒక్కటీ ఆయన గురించి అనిపించడం లేదు. ఏ మూల నుంచైనా ఆ సన్నటి గొంతు పలుకుతుందేమోనని చూస్తున్నాను.

ఇంటి ముందు ఒక ఆటో ఆగి ఉంది. దాని పక్కన తాయప్ప అన్న నిలబడి ఉన్నాడు. "తీస్కపోదమని వచ్చిన" అన్నాడు నన్ను చూసి. "ఎవలో ఒకలు సూడాలె గద. ఈరమ్మ వదినె అవునంటలేదు, కాదంటలేదు." ఆ మాటలో ఇష్టం లేదు, తప్పదన్న బాధ ఉంది.

లోపల గదిలో తాయప్ప మంచం మీద ఉన్నాడు. పహిల్వాన్ పోయినప్పటి నుంచి మెతుకు ముట్టలేదట. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. తిట్టలేదు. నన్ను చూసి కళ్లు మాత్రం తిప్పాడు. నా సంచిలో దూదీ మందూ తెచ్చుకున్నాను. పక్కకు తిప్పి పుండు కడుగుతుంటే అన్నాడు, "నర్సమ్మా, తలుపు జర దగ్గరికెయ్యి."

వేశాను.

"గా దినం గాయిన నన్ను ఎత్తిండు" అన్నాడు గోడ వైపు చూస్తూ. "భుజం మీదికొచ్చిన. ఇగ పడేసుడే తరువాయి. ఓడిపోయిన అని నాకు ఎరికైంది. అంతమంది ముంగట. అప్పుడు నేనేం జేసిన్నో తెల్సా? నా బొటనవేలు గాయిన కంట్ల పొడిసిన."

నేను అతని ముఖం కనపడేలా ముందుకు వంగాను.

"కుస్తీల అది పాపం. ఎవ్వలు సూడలే. కంట్ల పొడిస్తె ఎవడైనా పట్టు ఇడుస్తడు. గాయిన ఇడిసిండు. నేను తలకిందులైన. గాయిన నన్ను పడెయ్యలే నర్సమ్మా. నన్ను నేనే పడేసుకున్న."

"మరి ఇన్నేళ్లూ..." అన్నాను.

"పట్నం దవాఖానల నా మంచం కాడ కూసోని ఏడుస్తుండె. అప్పుడు చెప్పాలె. నోరు రాలే. తర్వాత మా అమ్మ వోయింది. గాయిన తెచ్చుకొని మోయవట్టె. చెప్తె ఇడిసిపెడ్తడని భయమైంది. ఇడిసిపెడితె నన్ను చీమలు తింటయ్. రేపు చెప్త, రేపు చెప్త అనుకున్న. తిట్టుకుంట తిట్టుకుంట కాలం ఎల్లదీసిన. గీ మనిషి నాకంటె ముంగట పోతడని ఎవలనుకున్నరు?"

కొన్నేళ్లు నేను తుడిచిన ఒళ్లు అది. ఆ క్షణాన దాని మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. బస్తాలు మోసిన మనిషి, ఇంటికి వచ్చి ఇతన్ని మోసిన మనిషి, ఆ మోత మీద మళ్లీ తిట్లు మోసిన మనిషి నా కళ్ల ముందు తిరుగుతున్నాడు. దూది పళ్లెంలో పడేసి లేచి నిలబడ్డాను. ఈ మాట ఈరమ్మ చెవిన పడితే ఏమవుతుందో అనుకున్నాను.

తలుపు చప్పుడైంది. ఈరమ్మ గుమ్మంలో ఉంది. చేతిలో గిన్నె, పాలలో నలిపిన రొట్టె. ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో తెలియదు. ముఖం చూస్తే అంతా విన్నదని తెలుస్తోంది.

నేను ఆమెకు అడ్డం వెళ్లాను. ఏం చేస్తుందోనన్న భయం. ఆమె నన్ను పక్కకు తప్పించి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"గీ ముచ్చట కడుపుల వెట్టుకునేనా మూడొద్దుల కెల్లి తింటలేవు?" అంది. "గాయినకు ఎరికే."

తాయప్ప కళ్లు పెద్దవయ్యాయి.

"ఎరికే" అంది మళ్లీ. "బరిల ఉండేది ఇద్దరే. ఎవని ఏలు యాడ తాకిందో ఇంకోనికి తెల్వదా? గా దినం ఇంటికొచ్చి కన్ను కడుక్కుంట నాతోని చెప్పిండు. నేను ఊకుంటనా? ఊరందరికి చెప్త అన్న. నువ్వు ఇంట్లకొచ్చినంక గూడ కొట్లాడిన. గీని పాపం గీడే అనుభవించనీ, మళ్ల తీస్కపొయ్యి గాడనే పడేసిరా అన్న. ఇనలే. అలిగి మా అమ్మగారింటికి వోయిన. అప్పుడు గూడ ఇనలే."

"ఎందుకు ఇనలేదు?" అని అడిగింది నేనే.

ఈరమ్మ గిన్నెలో రొట్టెను వేళ్లతో ఇంకా మెత్తగా నలుపుతోంది. "'కాళ్లు వాయె, చేతులు వాయె. మొకమన్న ఉండనియ్యే' అన్నడు. నా నోరు మూపిచ్చిండు." వేళ్లకంటిన పాలు గిన్నె అంచుకు తుడిచింది. "ఇంకోటన్నడు. గది నాకు ఇప్పటికి అర్థం గాదు. 'కన్ను వోయినా పట్టు ఇడవొద్దుండె, నేను ఇడిసిన' అన్నడు. తప్పు గాయినదే అంట."

తాయప్ప పైకప్పు వైపు చూస్తున్నాడు. కళ్ల నుంచి నీళ్లు రెండు వైపులా చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి అతని చేతులు లేవవు.

బయటి నుంచి అన్న గొంతు వినిపించింది. "వదినె, ఆటో ఆయన జల్ది చెయ్యమంటుండు. ఏం జేద్దాం?"

"ఆటోను పంపియ్యి" అంది ఈరమ్మ, వెనక్కి తిరగకుండానే.

గిన్నె ఒళ్లో పెట్టుకుని, కొంగు తీసి తాయప్ప ముఖం తుడిచింది. మెల్లగా తుడవలేదు. ముక్కు కారే పిల్లవాణ్ణి తుడిచినట్టు గట్టిగా, గబగబా, చెవుల్లో కూడా తుడిచింది. అతని తల కింద ఎడమ చెయ్యి పెట్టి లేపింది. ఆ బరువు ఆమెకు కొత్త. మణికట్టు వణికింది గానీ దించలేదు.

"తాయప్పా" అంది. "నోరు దెరువు."